ఉక్కు నగరంలో గంటానాదం: ఛోటానాగపూర్ కథోలిక జీవనం

సువర్ణరేఖ, ఖర్కయీ నదుల సంగమ ప్రాంతంలో వెలసిన జంషెడ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది ఉక్కు కర్మాగారం. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ స్థాపితమైంది. సాక్చీ అనే చిన్న పల్లె సమీపాన నిర్మించిన ఆ కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైంది. 1919లో జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థం ఆ పల్లె జంషెడ్‌పూర్ అయింది. కాళీమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయింది. బెంగాలీలు, పంజాబీలు, ఒడియాలు, బీహారీలు, తమిళులు ఉపాధి కొరకు ఇచటికి తరలివచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉంది.

అయితే కర్మాగారపు పొగగొట్టాలకు ఎంతో ముందునుండి ఈ నేల మీద ఉన్నవారు హో, ముండా, సంథాల్, ఉరావ్ మొదలైన ఆదివాసి ప్రజలు. వారిలో ఒక భాగం కథోలిక క్రైస్తవులు. నగరంలోని గోల్మురిలో జోసెఫ్ పునీతుని పేరిట వెలసిన ప్రధాన దేవాలయం జంషెడ్‌పూర్ మేత్రాసనానికి కేంద్రం. మేత్రాసనమంటే ఒక బిషప్పు పరిపాలనలో ఉండే ప్రాంతం. ఇచట ఆదివారం నాడు బలిపూజకు హాజరయ్యేవారిలో ఉక్కు కార్మికుడు, కేరళ నుండి వచ్చిన నర్సు, గోవా నుండి వచ్చిన ఉపాధ్యాయుడు, సింగ్‌భూమ్ పల్లె నుండి వచ్చిన హో రైతు పక్కపక్కన కూర్చుంటారు. ఈ సమాజం ఏ విధంగా రూపొందింది? విదేశాల నుండి వచ్చిన ఒక మతం ఈ అడవి నేలలో ఎందుకు వేరూనింది? నేడు దాని ముందున్న ప్రశ్నలేమిటి? భారతదేశంలో కథోలిక మతచరిత్రను అర్థం చేసికొనదలచినవారికి ఛోటానాగపూర్ పీఠభూమి ఒక ముఖ్యమైన అధ్యాయం.

ఆలస్యంగా వచ్చిన మతం

భారతదేశానికి క్రైస్తవ మతం కొత్తది కాదు. క్రీస్తు శిష్యుడైన తోమా క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని అక్కడి క్రైస్తవుల విశ్వాసం. అది చారిత్రకంగా నిరూపితం కాకపోయినా, కేరళలో క్రైస్తవ సమాజం అతి ప్రాచీనమైనదనుటలో సందేహం లేదు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారితో పాటు పశ్చిమ తీరంలో రోమన్ కథోలిక శాఖ వ్యాపించింది. ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవా చేరాడు. 1606లో మదురై చేరిన ఇటలీ దేశీయుడు రాబర్ట్ డి నోబిలి తమిళ, సంస్కృతాలతో పాటు తెలుగును కూడా అభ్యసించాడు. నాటి మదురై నాయక రాజుల ఆస్థానంలో తెలుగుకున్న గౌరవమే అందుకు కారణం. పద్ధెనిమిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రెంచి గురువులు పుంగనూరు మొదలైన రాయలసీమ ప్రాంతాలకు వచ్చారు. నేడు ప్రతి సంవత్సరం ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మీద జరిగే మేరీమాత తిరునాళ్ళకు మతభేదం లేకుండా లక్షలాది జనం వెళతారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ పదవిని పొందారు. ఆ పదవి అందుకొన్న తొలి తెలుగువాడు ఆయనే.

కాని తీరప్రాంతాలలో శతాబ్దాలుగా ఉన్న ఈ మతం దట్టమైన అడవులు, కొండలతో నిండిన ఛోటానాగపూర్‌కు పందొమ్మిదవ శతాబ్దంలో గాని చేరలేదు. మొదట వచ్చినవారు జర్మనీకి చెందిన గోస్నర్ లూథరన్ మిషనరీలు. వారు 1845లో రాంచీ చేరారు. యేసుసభకు చెందిన బెల్జియం గురువులు 1859లో కలకత్తాలో బాధ్యతలు స్వీకరించారు. వారిలో ఒకరైన ఆగస్ట్ స్టాక్‌మన్ ఆ తరువాతి దశాబ్దం చివర సింగ్‌భూమ్‌లోని చాయిబాసాకు వచ్చాడు. 1873లో చాయిబాసా సమీపాన ఖూంట్‌పానీ గ్రామంలో 28 మంది ముండాలు జ్ఞానస్నానం పొందారు. ఛోటానాగపూర్ కథోలిక సమాజానికి అదే ఆరంభం. ఆ పల్లె నేడు జంషెడ్‌పూర్ మేత్రాసనం పరిధిలో ఉంది. ఆనాటి ఘట్టాన్ని స్మరిస్తూ భక్తులు నేటికీ అచటికి యాత్రగా వెళుతుంటారు.

భూమి తగాదా, న్యాయస్థానం

ఆ తరువాత పుష్కరకాలం వరకు చెప్పుకోదగిన వ్యాప్తి లేదు. ఆదివాసులకు అప్పట్లో మతం కన్న అత్యవసరమైన సమస్య భూమి. ముండాల సంప్రదాయం ప్రకారం అడవిని నరికి పొలం చేసిన పూర్వికుల సంతతికే ఆ గ్రామం మీద ఉమ్మడి హక్కు ఉంటుంది. దానినే ఖూంట్‌కట్టీ అంటారు. గ్రామం అంచున పెద్ద రాతిపలకల కింద పూర్వికుల అస్థికలుంటాయి. ఆ శిలలే వారికి దస్తావేజులు. బయటనుండి వచ్చిన జమీందారులకు, ఠికేదారులకు ఈ లెక్క పట్టలేదు. వారు కౌలు పెంచారు, చెల్లించిన సొమ్ముకు రసీదు ఇవ్వలేదు, కూలి లేకుండా వెట్టిచాకిరీ చేయించుకొన్నారు. ఎదురు తిరిగిన రైతును కచేరీకి ఈడ్చితే, అతడు ఎరుగని భాషలో, ఎరుగని చట్టం ప్రకారం తీర్పు వచ్చేది.

ఈ స్థితిలో 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే యువ గురువు తోర్పా చేరాడు. ఆయన 1856లో బెల్జియంలోని మూర్‌స్లేడ్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తోర్పాలో ఆయన చేసిన మొదటి పని కౌలు చట్టాన్ని క్షుణ్ణంగా చదవడం. ఆయన రైతులకు చెప్పిన సలహా సరళమైనది: న్యాయమైన కౌలు చెల్లించండి, రసీదు అడిగి తీసికొనండి, చట్టం ఒప్పుకోని వెట్టి చేయకండి. కచేరీకి వెళ్ళవలసి వస్తే వ్యాజ్యం నడిపే తీరు కూడా ఆయన చూపించేవాడు. కొన్ని వ్యాజ్యాలలో రైతులు గెలిచారు. ఆ వార్త ఒక పల్లె నుండి మరొక పల్లెకు పాకింది. పల్లెలకు పల్లెలే ఆయన వద్దకు వచ్చాయి. ఏడేండ్ల లోపున పదుల వేలమంది ముండాలు, ఉరావులు కథోలిక సమాజంలో చేరారు.

ఈ వ్యాప్తికి మరొక పార్శ్వం ఉంది. చాలామందికి మతం కన్న న్యాయసహాయమే ప్రధానమని నాడే విమర్శ వచ్చింది. 1889, 1890లలో పల్లెలలో ఉద్రిక్తత పెరిగింది. జమీందారులు ఫిర్యాదులు చేశారు. అధికారులు లీవెన్స్‌ను తప్పు పట్టారు. జమీందారుల ప్రతీకారానికి వెరచి కొందరు వెనుకకు మళ్ళారు. క్షయవ్యాధికి గురైన లీవెన్స్ 1892లో స్వదేశానికి వెళ్ళి, 1893 నవంబరులో 37వ ఏట మరణించాడు. నూరేండ్ల తరువాత, 1993లో, ఆయన అస్థికలను రాంచీకి తీసికొనివచ్చారు. కోర్టు వ్యాజ్యం ఆధారంగా మొదలైన అనుబంధం ఒక శతాబ్దం పాటు నిలిచిందంటే, దానిలో కేవల ప్రయోజనాపేక్ష మాత్రమే లేదని గ్రహించవచ్చు.

బిర్సా ప్రశ్న, హాఫ్‌మన్ కృషి

వ్యాజ్యాల వలన కొన్ని పొలాలు తిరిగి దక్కాయి గాని, వ్యవస్థ మారలేదు. ఆ అసంతృప్తి నుండి పుట్టినదే బిర్సా ముండా నాయకత్వాన సాగిన ఉల్‌గులాన్, అనగా మహా తిరుగుబాటు. 1875లో జన్మించిన బిర్సా బాల్యంలో కొంతకాలం చాయిబాసాలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివాడు. తరువాత మిషనరీలూ, ప్రభుత్వాధికారులూ ఒకే కోవకు చెందినవారని నిర్ధారణకు వచ్చి, వారికి దూరమై, తన ప్రజలకు స్వంత మార్గం చూపాడు. 1899 డిసెంబరులో క్రిస్మస్ ముందురోజు రాత్రి తిరుగుబాటు ఆరంభమైంది. బిర్సా అనుచరుల బాణాలు చర్చిల మీద కూడా పడ్డాయి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో మరణించాడు. జార్ఖండ్ రాష్ట్రం 2000 సంవత్సరంలో ఆయన జన్మదినమైన నవంబరు 15ననే అవతరించింది.

తిరుగుబాటు నాటికి సర్వదా మిషన్‌లో ఉన్న గురువు జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్. 1857లో జర్మనీలో జన్మించిన ఆయన ముండారీ భాషలో అసామాన్యమైన ప్రావీణ్యం సంపాదించాడు. ఆయన గ్రహించిన సత్యం ఇది: ఆదివాసుల భూమి ఆచారాలను చట్టం గుర్తించనంతవరకు శాంతి ఉండదు. ఖూంట్‌కట్టీ వ్యవస్థను గురించి ఆయన సేకరించిన సమాచారం, ఇచ్చిన సలహాలు 1908 ఛోటానాగపూర్ కౌలుదారీ చట్ట రూపకల్పనకు తోడ్పడ్డాయి. ఆదివాసి భూమిని ఇతరులకు బదిలీ చేయడాన్ని ఆ చట్టం గట్టిగా నియంత్రించింది. ఆ చట్టం వెనుక ఉన్న ఒత్తిడి బిర్సాది. అందులోని వివరాలకు కావలసిన పాండిత్యంలో కొంతభాగం హాఫ్‌మన్‌ది. బాణాలకు ఇటూ అటూ నిలిచిన ఇద్దరి కృషి చివరకు ఒకే చట్టంలో కలిసిందని చెప్పవచ్చు.

చట్టం భూమిని కాపాడగలదు గాని, అప్పును ఆపలేదు. విత్తనాలకు, పెండ్లికి, అనారోగ్యానికి రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కక తప్పేది కాదు. ఇందుకు విరుగుడుగా హాఫ్‌మన్ 1909లో రాంచీలో కథోలిక సహకార పరపతి సంఘాన్ని స్థాపించాడు. సభ్యులు చిన్న మొత్తాలు జమచేసి, అవసరం వచ్చినప్పుడు తక్కువ వడ్డీకి తీసికొనే ఏర్పాటది. దేశంలో సహకారోద్యమం అప్పుడప్పుడే తలెత్తుతున్నది. అట్టి సమయంలో, అక్షరాలు రాని రైతులను నమ్మి నెలకొల్పిన ఆ సంఘం సాహసోపేతమైన ప్రయత్నం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ పౌరుడనే కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం 1915లో ఆయనను దేశం నుండి పంపివేసింది. ఆయన జర్మనీ నుండే ముండాల భాషా, ఆచార, విశ్వాసాల బృహత్కోశమైన 'ఎన్‌సైక్లోపీడియా ముండారికా' రచన కొనసాగించి, 1928లో మరణించాడు. అనేక సంపుటాల ఆ గ్రంథం నేటికీ ముండా సంస్కృతికి ప్రామాణిక ఆకరం.

నలుగురు యువతులు

ఛోటానాగపూర్ కథోలిక చరిత్ర విదేశీ గురువుల చరిత్ర మాత్రమే అనుకుంటే పొరపాటు. ఊరూరా తిరిగి ప్రార్థనలు నేర్పిన ఉపదేశులు, తమ పెరటి చెట్టు కిందనే బడి నడిపిన మాస్టర్లు స్థానికులే. వారందరిలోను విశేషంగా చెప్పవలసినవారు నలుగురు ఆదివాసి యువతులు.

1890లో లొరెటో కన్యస్త్రీలు రాంచీ వచ్చి బాలికలకు విద్య నేర్పసాగారు. వారివద్ద చదివిన బెర్నదెత్ కిస్పొట్టా, మరి ముగ్గురు సహచరులు వివాహం వద్దనుకొని, జీవితమంతా సేవకు అంకితం చేయదలచినట్లు తెలిపారు. కూతురికి పెండ్లి చేయకపోవటం ఆదివాసి కుటుంబం ఊహించలేని విషయం. ఇంటివారు అభ్యంతరపెట్టారు. అయినా ఆ యువతులు తమ పట్టు విడువలేదు. 1897 జూలై 26న వారు ఆరంభించినదే రాంచీ అన్నమ్మ పునీతురాలి పుత్రికల సభ. ఆదివాసి స్త్రీలు తమంతట తాము నిర్మించుకొన్న సంస్థగా దానికి సామాజిక చరిత్రలోను స్థానముంది. 1903లో బెల్జియం నుండి ఉర్సులైన్ కన్యస్త్రీలు కూడ వచ్చారు. కొండపల్లెలలో వైద్యం, బాలికల విద్య, కుట్టుపని నేర్పటం వీరి కృషి వలననే విస్తరించాయి.

1927లో రాంచీ మేత్రాసనం ఏర్పడింది. 1953లో అది అగ్రపీఠమైంది. తొలి అగ్రపీఠాధిపతి నికొలస్ కుజూర్ ఆదివాసి. లీవెన్స్ తోర్పా చేరిన డెబ్బది ఏండ్ల లోపున సంఘ నాయకత్వం స్థానికుల చేతికి వచ్చిందన్నమాట. గుమ్లా జిల్లాలోని చైన్‌పూర్ ప్రాంతంలో ఉరావ్ కుటుంబంలో 1939లో జన్మించిన టెలెస్ఫోర్ టొప్పో 2003లో కార్డినల్ అయ్యారు. ఆసియాలోని ఆదివాసులలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయన. 2023 అక్టోబరులో ఆయన మరణించారు.

పల్లె నుండి కొలిమి నగరానికి

జంషెడ్‌పూర్‌లో కథోలికుల సమస్య పల్లెలో వలె భూమి కాదు. ఇచట ఉన్నవి కూలి, షిఫ్టు, యూనియన్, యాజమాన్యం. పొలం వదలి కర్మాగారానికి వచ్చిన ఆదివాసి గడియారానికి అలవాటుపడాలి. తాను ఎరుగని భాషలలో మాట్లాడే ఫోర్‌మన్ ఆజ్ఞను గ్రహించాలి. అతని పిల్లలకు బడి కావాలి. ఈ అవసరాలను బట్టి ఇచటి కథోలిక సంస్థలు రూపొందాయి.

1945లో అపోస్తలిక్ కార్మెల్ కన్యస్త్రీలు సేక్రెడ్ హార్ట్ కాన్వెంట్ పాఠశాలను ఆరంభించారు. దేశ స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో అమెరికాలోని మేరీలాండ్ ప్రాంతపు యేసుసభ గురువులు జంషెడ్‌పూర్ బాధ్యత స్వీకరించారు. 1947లో లొయోలా పాఠశాల వెలసింది. 1949లో క్విన్ ఎన్‌రైట్ అనే గురువు జేవియర్ కార్మిక సంబంధాల సంస్థను స్థాపించాడు. నేడు ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అనే పేరుతో దేశంలోని అగ్రశ్రేణి నిర్వహణ విద్యాసంస్థలలో ఒకటిగా ప్రసిద్ధికెక్కిన ఆ సంస్థ మూలోద్దేశం చాలామందికి తెలియదు. ఒకే గదిలో కార్మిక సంఘాల నాయకులకు, కర్మాగార అధికారులకు శిక్షణ ఇచ్చి, సమ్మె వరకు పోకుండా సమస్యలు పరిష్కరించుకొనే విధానం నేర్పడమే దాని తొలి లక్ష్యం. లీవెన్స్ కచేరీలో రైతుకు చట్టం చెప్పినట్లే, ఇచట కార్మికునికి చట్టం చెప్పారు. ప్రదేశం మారింది గాని, పద్ధతి మారలేదు.

1962 జూలై 2న కలకత్తా అగ్రపీఠం నుండి విడదీసి జంషెడ్‌పూర్ మేత్రాసనాన్ని ఏర్పరచారు. తొలి బిషప్పు లారెన్స్ ట్రెవర్ పికాచీ దార్జిలింగులో జన్మించిన భారతీయుడు. ఆయన 1969లో కలకత్తా అగ్రపీఠాధిపతిగా వెళ్ళి, 1976లో కార్డినల్ అయ్యారు. మదర్ థెరీసా తన ఆంతరంగిక వ్యథను ఉత్తరాలలో వెల్లడించుకొన్న కొద్దిమంది గురువులలో ఆయన ఒకరు. ఆ తరువాత జోసెఫ్ రోడ్రిగ్స్ 1970 నుండి 1996 వరకు, ఆదివాసి సంతతికి చెందిన ఫెలిక్స్ టొప్పో 1997 నుండి 2018 వరకు బిషప్పులుగా ఉన్నారు. పిదప ఆ బాధ్యత టెలెస్ఫోర్ బిలుంగ్ స్వీకరించారు. ధన్‌బాద్ బొగ్గుగనుల ప్రాంతం కూడ ఈ మేత్రాసనంలోనిదే. అచటి గని ఉద్యోగుల పిల్లల కొరకు నెలకొల్పిన పాఠశాలలకు మదురైలో తెలుగు నేర్చిన డి నోబిలి పేరే పెట్టారు. నగరంలోని బారీడీహ్‌లో ఉన్న మెర్సీ ఆస్పత్రి అన్ని మతాలవారికి వైద్యసేవ చేస్తున్నది.

ఈ ప్రాంతానికి, తెలుగునాడుకు మధ్య మరొక బంధం కూడ ఉంది. 1955లో రాంచీలో జేవియర్ సమాజసేవా సంస్థను ప్రారంభించిన బెల్జియం గురువు మైఖేల్ విండీ, 1969లో ఆంధ్ర తీరాన్ని తుఫాను అతలాకుతలం చేసినప్పుడు గుంటూరు ప్రాంతానికి వచ్చి, గ్రామ పునర్నిర్మాణ సంస్థను నెలకొల్పారు. కూలిన గుడిసెల స్థానంలో పక్కా ఇళ్ళతో కొత్త ఊళ్ళు నిర్మించటం ఆ సంస్థ పని.

భాష, పాట, పండుగ

ఒక మతం ఒక నేలలో వేరూనిందనడానికి దాని ప్రార్థన ఏ భాషలో సాగుతున్నదో చూడాలి. 1960 దశాబ్దం వరకు ప్రపంచమంతటా కథోలిక బలిపూజ లాటిన్‌లో జరిగేది. 1962 నుండి 1965 వరకు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ దేశభాషలకు అనుమతి ఇచ్చింది. నేడు జంషెడ్‌పూర్ మేత్రాసనంలో హిందీ, ఇంగ్లీషులతో పాటు పల్లెలలో ఆదివాసి భాషలు వినిపిస్తాయి. మాందర్, నగారా వాద్యాల నడుమ కీర్తనలు సాగుతాయి. కొత్తపంట చేతికి వచ్చినప్పుడు మొదటి వరివెన్నులను బలిపీఠం ముందు ఉంచుతారు. నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పూర్వికులను స్మరించే ఆచారం, రాతిపలకల కింద పెద్దలను భద్రపరచుకొనే ముండా సంప్రదాయానికి దూరమైనదేమీ కాదు.

ఎల్లప్పుడు ఇట్లే ఉండలేదు. తొలితరం మిషనరీలలో పలువురు గ్రామ అఖాడాలలోని నృత్యాన్ని, కర్మ, సర్హుల్ పండుగలను అంధవిశ్వాసాలుగా భావించి నిషేధించారు. దానివలన ఒకే ఊరిలో, ఒకే గోత్రంలో క్రైస్తవులకు, ప్రకృతి ఆరాధకులైన సర్నా మతస్థులకు మధ్య గోడ లేచింది. వాటికన్ మహాసభ తరువాత ఆ వైఖరి మారింది. పాటలు, నృత్యాలు తిరిగి దేవాలయ ప్రాంగణంలోకి వచ్చాయి. అయితే పగులు పూడటానికి కాలం పడుతుంది.

భాషాసేవలో ఇచటి గురువుల పాత్ర ప్రత్యేకంగా ప్రశంసనీయం. ఉరావుల భాష కుడుఖ్; అది ద్రావిడ భాషాకుటుంబానికి చెంది, తెలుగుకు దూరపు సోదరి వరుస అవుతుంది. గ్రిన్యార్ అనే గురువు 1924లో ఉరావ్-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు. వీరందరిలో సుప్రసిద్ధుడు కామిల్ బుల్కే. 1909లో బెల్జియంలో పుట్టి, 1935లో భారతదేశం చేరిన బుల్కే హిందీ, సంస్కృతాలను అభ్యసించి, అలహాబాదు విశ్వవిద్యాలయంలో రామకథ పుట్టుక, పరిణామాలపై పరిశోధన చేశారు. హిందీ సాహిత్యంపై పరిశోధన వ్యాసం కూడ ఇంగ్లీషులోనే రాయవలసిన ఆ రోజులలో, హిందీలోనే సమర్పిస్తానని పట్టుబట్టి అనుమతి సాధించారు. 1951లో భారత పౌరసత్వం స్వీకరించారు. రాంచీ సెయింట్ జేవియర్ కళాశాలలో హిందీ శాఖకు అధ్యక్షులై, 1968లో ఇంగ్లీషు-హిందీ నిఘంటువును వెలువరించారు. 1974లో ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. 1982లో ఆయన దివంగతులయ్యారు. తులసీదాసుపై అపార భక్తి గల ఈ కథోలిక గురువు ఇల్లు రాంచీలో హిందీ విద్యార్థులకు నిత్యం తెరచి ఉన్న గ్రంథాలయంగా ఉండేది.

నేటి ప్రశ్నలు

2011 జనాభా లెక్కల ప్రకారం జార్ఖండ్‌లోని 3 కోట్ల 29 లక్షలకు పైబడిన ప్రజలలో క్రైస్తవులు దాదాపు 14 లక్షల 18 వేలు, అనగా 4.3 శాతం. అన్ని శాఖల క్రైస్తవులూ ఈ సంఖ్యలో చేరి ఉన్నారు. ప్రధానంగా సర్నా మతస్థులు చేరిన 'ఇతర మతాల' వర్గం దాదాపు 12.8 శాతం. సంఖ్య స్వల్పమే అయినా, విద్య, వైద్యం, క్రీడలు, సైన్యం వంటి రంగాలలో ఈ సమాజపు పాత్ర విశేషమైనది. 1971 యుద్ధంలో గంగాసాగర్ వద్ద శత్రువుల మరతుపాకులను నిరోధిస్తూ అమరుడై పరమవీరచక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా గుమ్లా జిల్లాకు చెందిన ఉరావ్ క్రైస్తవుడు. రాంచీ నడిబొడ్డున ఉన్న కూడలి ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

అయినా కొన్ని ప్రశ్నలు తీవ్రంగా చర్చకు వస్తున్నాయి. మతం మారిన ఆదివాసి ఆదివాసిగానే ఉంటాడా అనేది మొదటిది. రాజ్యాంగం ప్రకారం షెడ్యూల్డు తెగల గుర్తింపుకు మతంతో సంబంధం లేదు. మతం మారినవారిని ఆ జాబితా నుండి తొలగించాలని 1960 దశాబ్దం చివర లోక్‌సభ సభ్యుడు, స్వయంగా ఉరావ్ నాయకుడైన కార్తిక్ ఉరావ్ వాదించారు. విద్యావకాశాలు మిషన్ పాఠశాలలలో చదివినవారికి అధికంగా దక్కుతున్నాయని, సర్నా మతస్థులు వెనుకబడుతున్నారని ఆయన ఆవేదన. ఆ కోరిక నేటికీ వినవస్తున్నది. దానికి ప్రతిగా, గోత్రం, భాష, భూమి, పూర్వికులు మతంతో పాటు మారవని క్రైస్తవ ఆదివాసులు అంటారు. ఇరుపక్షాల వాదంలోను వాస్తవమైన బాధ ఉంది.

రెండవది మతాంతరీకరణ ప్రశ్న. బలవంతం చేతను, ప్రలోభం చేతను మతం మార్పించడాన్ని నిషేధిస్తూ జార్ఖండ్ శాసనసభ 2017లో చట్టం చేసింది; మతమార్పిడి కార్యక్రమానికి జిల్లా అధికారి ముందస్తు అనుమతి కావాలని అది నిర్దేశిస్తుంది. ప్రతి పౌరునికి తన మతాన్ని ప్రచారం చేసికొనే హక్కును రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తుండగా, ఇతరులను మతం మార్పించడం ఆ హక్కులో చేరదని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. చట్టం అవసరమని కొందరు, అది దుర్వినియోగమవుతుందని మరికొందరు భావిస్తున్నారు.

మూడవది అన్నిటికన్న పాతదైన భూమి ప్రశ్న. 1908 నాటి చట్టాన్ని సవరించేందుకు 2016లో చేసిన ప్రయత్నాన్ని సర్నా, క్రైస్తవ ఆదివాసులు కలసికట్టుగా వ్యతిరేకించారు. నాటి గవర్నరు, నేటి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2017లో ఆ బిల్లులను తిప్పి పంపారు. ప్రభుత్వం వాటిని ఉపసంహరించుకొంది. 2020 నవంబరులో జనాభా లెక్కలలో సర్నా మతానికి ప్రత్యేక స్థానం ఇవ్వాలని జార్ఖండ్ శాసనసభ తీర్మానించింది. ఆ కోరికను రాంచీ అగ్రపీఠాధిపతిగా ఉన్న ఫెలిక్స్ టొప్పో కూడ బలపరిచారు. పూర్వం ఏ పండుగలను నిషేధించారో ఆ పండుగల మతానికి గుర్తింపు కావాలని కథోలిక నాయకుడు కోరటం ఈ నూట ఏబది ఏండ్ల ప్రయాణంలో గమనింపదగిన మలుపు.

ఛోటానాగపూర్‌లో కథోలిక మతం నిలిచినది ఒక సిద్ధాంతం గెలిచినందువలన కాదు. భూమి పోగొట్టుకొంటున్న రైతు పక్షాన ఎవరో ఒకరు చట్టం చదివినందువలన. ఆ కృషి ఫలితాలలో చాలావరకు కథోలికులకే పరిమితం కాలేదు. 1908 నాటి చట్టం సర్నా రైతును కూడ రక్షిస్తున్నది. ముండారీ బృహత్కోశాన్ని, బుల్కే నిఘంటువును అన్ని మతాలవారు తెరచి చూస్తున్నారు. కార్మిక సంబంధాల సంస్థలో శ్రీకాకుళం నుండి వచ్చిన కార్మికుని మనుమడు చదువవచ్చు. రానున్న కాలంలో ఈ సమాజాన్ని నేల తన బిడ్డగా ఎంచుతుందా లేదా అనేది జనాభా లెక్కలలోని శాతాన్ని బట్టి గాక, పొరుగు ఇంటి సర్నా కుటుంబంతో అది ఎట్లు మెలగుతుంది, వారి పొలం గట్టు కొరకు ఎంతవరకు నిలబడుతుంది అనేదానిని బట్టి నిర్ణయమవుతుంది.